పిల్లల మహెఫిల్‌కి తాళం వేసే హక్ మనకెవరిచ్చారు?



ఈసారి నసీహత్ రాయడం లేదు, షికాయత్ రాస్తున్నాను. మన పెద్దల మీద షికాయత్. ఆ పెద్దల్లో నేనూ ఉన్నాను కాబట్టి మొదటి షికాయత్ నా మీదే అనుకోండి.

ఎచ్చెర్లలో మా ఇంటి వరండాలో ప్రతి ఇత్వార్ జొహర్ నమాజు అయ్యి, అన్నాలు తిన్నాక పిల్లలు చేరతారు. మా భాయీ పిల్లలిద్దరు, మా దేవర్ కొడుకు, పక్కింటి ఖాలా మనవళ్లిద్దరు, వీళ్లతో బళ్లో చదివే హిందూ దోస్తులిద్దరు. మొత్తం ఏడుగురు. పెద్దవాడికి పద్నాలుగు, చిన్నదానికి ఎనిమిది. ఏడాది నుంచి ఒకటే ఖాయిదా నడుస్తోంది. ఆ వారం చదివిన కామిక్ ఏదైనా పట్టుకురావాలి. పుస్తకం లేకపోతే కథైనా గుర్తుపెట్టుకుని రావాలి. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ఎందుకు, ఈ మూడూ చెప్పాలి. "బాగుంది" అని చెప్పి కూర్చుంటే ఊరుకోం. ఎందుకు బాగుందో చెప్పేదాకా సమోసా దక్కదు.

పుస్తకాలు ఎక్కడివంటారా? శ్రీకాకుళంలో రద్దీ కొట్లో కిలోల లెక్కన తెచ్చిన పాత టింకిల్‌లు కొన్ని. మా అమ్మీ ట్రంకుపెట్టెలో దాచిన చందమామలు కొన్ని. వాటి అట్టల మీద బొమ్మలేసిన వడ్డాది పాపయ్యగారు మన శ్రీకాకుళంలోనే పుట్టారని చెప్తే పిల్లలు మొదట నమ్మలేదు. బొమ్మలేసేవాళ్లు మద్రాసులోనో, బొంబాయిలోనో పుడతారని వాళ్ల ఖయాల్. ఇక పెద్దపిల్లలు ఫోన్లలో చదివే జపాన్ మాంగా ఎలాగూ ఉంది.

ఆ గుఫ్తగూ మీరొకసారి వినాలి. మా దేవర్ కొడుకు సుప్పండి కథలు చదివి పడీ పడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక వాడే అన్నాడు: "సుప్పండి పనోడు గనక నవ్వుతున్నాం. ఆ యజమాని తప్పు చేస్తే ఎవరూ నవ్వరు, జోకే ఉండదు." పద్నాలుగేళ్ల వాడు వన్‌పీస్ గురించి చెప్తూ, "1997లో మొదలెట్టారు, ఇంకా అవ్వలేదు. ఒక్కో దెబ్బలాట సాగదీసేస్తన్నారు. గాని ఆ ఓడలో ఉన్నోళ్లు ఒకర్నొకరు వదలరు, అందుకే చదువుతన్నాను" అన్నాడు. ఎనిమిదేళ్ల చిన్నది డోరేమాన్ చదివి, "నోబితా ఎన్నిసార్లయినా నేర్చుకోడేటి ఫుప్పూ? డోరేమాన్ సంచీలోంచి వస్తువు తీసి ఇవ్వడం మానేస్తే నేర్చుకుంటాడు" అంది. మన ఇళ్లలో ఎంతమంది అమ్మీలకు ఆ మాట వర్తిస్తుందో మీరే చూసుకోండి.

నెల కిందట ఇత్వార్ నాడు మా భతీజీ వంతు వచ్చింది. దానికి పదకొండేళ్లు. రాజుల కథ ఒకటి చదివింది. ఏ పుస్తకమో, ఎవరు వేశారో ఇక్కడ చెప్పను, ఇది ఒక పుస్తకం మీద లడాయీ కాదు. కథ బాగుంది అంది. గుర్రాలు చాలా బాగా గీశారు అంది. తర్వాత పుస్తకం మూసి ఇలా అంది:

"గడ్డం, టోపీ ఉన్నోళ్లని లెక్కెట్టాను ఫుప్పూ. తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందీ కోపంగానే ఉన్నారు. ఒక్కడు కూడా అన్నం తింటున్నట్టు లేడు, ఒక్కడు కూడా కూతుర్ని ఎత్తుకున్నట్టు లేడు. మా అబ్బాకీ గడ్డం ఉంది కదా."

వరండా అంతా ఖామోష్. అప్పుడు హిందూ దోస్తుల్లో ఒకడు నెమ్మదిగా అన్నాడు: "మనోళ్లని కూడా అలాగే చూపిస్తారు. ఎక్కువ సినిమాల్లో మన సీకాకుళం యాస మాటాడినోడు పనోడో, తింగరోడో. జనాలు నవ్వడానికే ఎడతారు." వెంటనే మా దేవర్ కొడుకు, "సుప్పండి లాగ!" అన్నాడు.

సుభానల్లాహ్. నేను ఒక్క ముక్క నేర్పలేదు. ఒక ముసల్మాన్ పిల్ల తన బాధ చెప్పుకుంటే, ఒక హిందూ పిల్లాడు తన బాధని దాని పక్కన పెట్టాడు. ఇంకొకడు ఆ రెండింటికీ పనివాడి బాధ కలిపాడు. బొమ్మ గీసేవాడి చేతిలో ఎంత తాఖత్ ఉంటుందో ముగ్గురూ కలిసి పది నిమిషాల్లో పట్టేశారు. దీనికంటే పెద్ద తాలీం ఏ మదరసాలో, ఏ కాన్వెంటులో దొరుకుతుందో చెప్పండి.

లోపలి గదిలోంచి మా బడేఅబ్బా విన్నారు. మా భాయీ విన్నాడు. మా దేవర్ విన్నాడు. మగ్రిబ్ వేళకి కామిక్‌లన్నీ పాత దుప్పటిలో మూటకట్టి అటక మీదకి చేరాయి. పిల్లలకి చెప్పింది ఒకటే మాట: "ఇంక చాలు, చుప్." భతీజీ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. నేనూ ఆ పూట ఏమీ అనలేదు. నా గునా అదే.

ముగ్గురు పెద్దలవీ మూడు ఎత్రాజ్‌లు. మీ ఇళ్లలోనూ ఈ మూడే ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటిగా జవాబ్ చెప్తాను.

మొదటిది మా బడేఅబ్బాది. "ఆ తస్వీర్లేమిటి, ఆ ఎగిరే మనుషులేమిటి? ఇదంతా దీన్‌కి దూరం చేసే తమాషా."

బడేఅబ్బా, మీ ముందు నేను చిన్నదాన్ని. ప్రాణమున్నవాటి తస్వీర్ విషయంలో ఉలమాల మధ్య ఎంత ఇఖ్తిలాఫ్ ఉందో మీకు తెలుసు. పూజించే తస్వీర్ వేరు, పిల్లలు ఆడుకునే బొమ్మ వేరు అని చెప్పినవాళ్లు ఉన్నారు. అసలు వద్దన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఎహతియాత్‌ని నేను ఎగతాళి చెయ్యను. కానీ అబూదావూద్‌లో ఒక హదీసు ఉంది కదా. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా ఆడుకునే బొమ్మల మధ్య ఒక గుర్రం ఉంది. దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్నాయి. గుర్రానికి రెక్కలేమిటని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అడిగితే, సులైమాన్ అలైహిస్సలాం గుర్రాలకి రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆవిడ ఎదురడిగారు. ఆయన దవడపళ్లు కనబడేంతగా నవ్వారు. ఆ బొమ్మను లాక్కోలేదు, అటకెక్కించలేదు. అడిగారు, పిల్ల చెప్పిన జవాబ్ విన్నారు, నవ్వారు. ఎగిరే గుర్రం గురించి చిన్నపిల్ల తన రాయ్ చెప్తుంటే పెద్దలు ఏం చెయ్యాలో దీనికన్నా సాఫ్‌గా ఇంకెక్కడుంది?

ఇంకో మాట. బడేఅబ్బా చిన్నప్పుడు వాళ్ల నానీ దగ్గర అమీర్ హంజా దాస్తాన్ విన్నారు. అమ్ర్ అయ్యార్ జంబీల్ గురించి ఇప్పటికీ మాకు చెప్తారు. ఊళ్లన్నీ పట్టేసే ఆ మాయసంచీకీ, డోరేమాన్ సంచీకీ ఫరఖ్ ఏమిటి? ఆ హంజా దాస్తాన్‌నే అక్బర్ బాద్‌షా 16వ శతాబ్దంలో బొమ్మలుగా వేయించాడు. సుమారు 1400 తస్వీర్లు, బట్ట మీద, ఒక్కొక్కటీ మనిషి రెండు చేతులా పట్టుకోవాల్సినంత పెద్దవి. ఒక వైపు బొమ్మ, వెనక వైపు కథ. పూర్తవడానికి పదిహేనేళ్లు పట్టింది. దర్బారులో బొమ్మ చూపిస్తూ కథ చదివేవారు. బొమ్మ, దాని పక్కన కథ, చుట్టూ కూర్చుని వినేవాళ్లు. ఇదంతా మన వారసత్వమే. అమెరికా వాడి దగ్గరో, జపాను వాడి దగ్గరో అరువు తెచ్చుకున్నది కాదు.

రెండో ఎత్రాజ్ మా దేవర్‌ది. "వఖ్త్ బర్బాద్. ఆ టైములో రెండు లెక్కలు చేసుకోవచ్చు. పక్కనే ట్రిపుల్ ఐటీ ఉంది, సీటు కొట్టాలా వద్దా?"

కొట్టాలి. ఎచ్చెర్ల మీదుగా హైవే పోతోంది, యూనివర్సిటీ 2008లో వచ్చింది, ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చింది. మన పిల్లలు ఆ గేట్ల బయట చాయ్ అమ్మడానికే కాక, లోపల చదువుకోవడానికి వెళ్లాలని నా దువా కూడా. కానీ దేవర్ భయ్యా, ఒక్క సవాల్. నీ కొడుకు బళ్లో తెలుగు పాఠం చదివి ఎప్పుడైనా తన సొంత మాట ఒకటి చెప్పాడా? గైడులో ఉన్న జవాబ్ తప్ప? సుప్పండి పనోడు గనకే నవ్వుతున్నామని వాడికి ఏ గైడూ చెప్పలేదు. చదివి, ఆలోచించి, నలుగురి ముందు నోరు తెరిచి, ఎదుటివాడు కాదంటే కోప్పడకుండా మళ్లీ చెప్పడం ఒక హునర్. రేపు ఇంటర్వ్యూలో అడిగేది అదే, కోర్టులో కావాల్సింది అదే, నిఖాకి ముందు అమ్మాయి తన మర్జీ చెప్పడానికి కావాల్సిందీ అదే. లెక్కలు ట్యూషన్‌లో నేర్పుతారు. ఇది ఎక్కడ నేర్పుతారు?

పైగా మన పిల్లల జబాన్ సంగతి ఆలోచించండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. బళ్లో ఇంగ్లీషు చదువుతారు, మాట్లాడలేరు. వీధిలో మన తెలుగు మాట్లాడతారు, ఆ యాస రాస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేస్తుంది. మూడు జబాన్‌ల మధ్య నిలబడి ఏ జబాన్‌లోనూ పూర్తిగా నోరు తెరవని పిల్లలు తయారవుతున్నారు. ఆ ఇత్వార్ వరండాలో మాత్రం వాళ్లు మూడూ కలిపి ధైర్యంగా మాట్లాడేవారు. అది వఖ్త్ బర్బాద్ ఎలా అవుతుంది?

మూడో ఎత్రాజ్ మా భాయీది. నన్ను బాగా కదిలించిందీ, నాకు బాగా కోపం తెప్పించిందీ ఇదే. వాడికి హైవే పక్కన టైర్ల షాపు ఉంది. "ఆపా, పిల్ల అన్నది తప్పు కాదు. కానీ అలాంటి మాట పది నోళ్లలో పడితే ఏమవుద్దో తెలుసా? ఆ దోస్తు ఇంటికెళ్లి ఏం చెప్తాడో. రేపు షాపు దగ్గర బండి ఆపుతారా? జమానా బాగోలేదు. చుప్‌గా ఉండటమే మేలు."

భాయీ, నీ ఖౌఫ్ అబద్ధమని నేననను. రోజూ వార్తలు చూసే ప్రతి ముసల్మాన్ ఇంట్లోనూ ఆ ఖౌఫ్ ఉంది. కానీ నీ కూతురికి మనం ఏం నేర్పామో చూడు. నీకు కనిపించింది నిజమే, కానీ కనిపించనట్టు ఉండు అని నేర్పాం. తొమ్మిదిమంది గడ్డాల్నీ అది లెక్కపెట్టేసింది. పుస్తకం అటకెక్కిస్తే ఆ లెక్క దాని బుర్రలోంచి చెరిగిపోదు. ఇదివరకు నలుగురిలో అడిగేది, ఇకమీదట ఒంటరిగా మోస్తుంది. ఒంటరిగా మోసే సవాల్ రెండు దారులే పడుతుంది. ఒకటి, తన అబ్బా గడ్డం చూసి తనే సిగ్గుపడటం. రెండు, ఆ బొమ్మ గీసిన ఖౌమ్ మొత్తాన్నీ అసహ్యించుకోవడం. రెండూ హలాకతే. మూడో దారి ఆ రోజు వరండాలో తెరుచుకుంది. ఒక హిందూ పిల్లాడు, "మాకూ ఇదే గతి" అని పక్కన వచ్చి కూర్చున్నాడు. మనం తాళం వేసింది ఆ దారికి.

ఇంటికెళ్లి ఏం చెప్తాడో అని ఎవరి గురించైతే భయపడ్డామో ఆ పిల్లాడు మర్నాడు వచ్చి అడిగింది ఒక్కటే: "వచ్చే ఆదివారం ఉందాండి?"

మా భతీజీ అడిగింది కొత్త సవాల్ కూడా కాదు. అమర్ చిత్ర కథ తీసుకోండి. 1967లో అనంత్ పాయ్‌గారు మొదలుపెట్టారు. దూరదర్శన్ క్విజ్‌లో గ్రీకు దేవుళ్ల గురించి జవాబ్ చెప్పిన పిల్లలు, రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారట. ఆయన తిట్టి ఊరుకోలేదు, పిల్లల టీవీ కట్టేయమనలేదు. బొమ్మలు గీయించి పుస్తకాలు వేశారు. అక్బర్ మీద, కబీర్ మీద, నూర్‌జహాన్ మీద కూడా వేశారు, అది మరిచిపోవడం బేఇన్సాఫీ. అదే సమయంలో, పాత యుద్ధాల కథల్లో ముసల్మాన్ పాత్రల్ని చూపించిన తీరు మీద ఎత్రాజ్‌లు చాలా వచ్చాయి, యూనివర్సిటీల్లో పరిశోధకులు పుస్తకాలే రాశారు. పెద్ద పెద్ద ఆలింలు గ్రంథాలు రాసేంత సవాల్‌ని మన ఎచ్చెర్ల పిల్ల పదకొండేళ్లకే అడిగింది. పండితుడు అడిగితే తహఖీఖ్, మన పిల్ల అడిగితే గొడవ అయిపోయిందా?

చుప్‌గా ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మా మండలంలోనే ఎస్.ఎం.పురం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరు. ఎస్.ఎం. అంటే ఏమిటని పిల్లల్ని అడిగాను. ఒకడు "శ్రీముఖలింగం" అన్నాడు. ఇంకొకడు ఎవరో మంత్రిగారి పేరన్నాడు. షేర్ మహమ్మద్ పురం అని చెప్తే నోళ్లు తెరిచారు. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కార్‌కి రాజధాని అనీ, గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్లు ఇక్కడే ఉండేవారనీ, వాళ్లలో షేర్ మహమ్మద్ ఖాన్ ఒకడనీ, శ్రీకాకుళం జామియా మసీదు ఆయన పేరుతోనే ముడిపడి ఉందనీ వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆ ఫౌజ్‌దార్‌ని వలీని చెయ్యమని నేననడం లేదు. హాకిములు ఏ మజ్‌హబ్ వాళ్లయినా హాకిములే, వాళ్ల మంచీ చెడూ రెండూ పిల్లలు చదివి తేల్చుకోవాలి. నేననేది, రోజూ ఆ బోర్డు ముందు నుంచి బస్సులో వెళ్లే పిల్లలకి ఆ రెండు అక్షరాల వెనక ఎవరున్నారో తెలియదు. ఎవరూ చెరిపేయలేదు. మనమే చెప్పడం మానేశాం. మనం చుప్‌గా ఉంటే మన పేర్లు ఇలాగే పొడి అక్షరాలైపోతాయి.

ఇప్పుడు కాస్త దూరం తీసుకెళ్తాను, మా పిల్లలు చదివిన ఇంకో కామిక్ దగ్గరికి. మిస్ మార్వెల్. 2014లో వచ్చింది. కథానాయిక కమలా ఖాన్, అమెరికాలో జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల. రాసినావిడ జి. విల్లో విల్సన్, ఇస్లాం స్వీకరించిన అమెరికన్. ఎడిటర్ సనా అమానత్, ఆవిడా ముసల్మాన్ ఇంటి బిడ్డే. మొదటి సంపుటికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. తాఖత్ వచ్చిన కొత్తలో కమలా తన ముఖం వదిలేసి, బంగారు జుట్టున్న తెల్ల హీరోయిన్‌లా మారిపోతుంది. తర్వాత తన ముఖంతోనే నిలబడటం నేర్చుకుంటుంది. ఆ పేజీల దగ్గర మా భతీజీ చాలాసేపు ఆగింది. ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకునే మన ఇళ్లలో ఆ పేజీ ఏం చెప్తుందో వేరే చెప్పాలా?

అన్నీ మెచ్చుకున్నారనుకోకండి. "ఇంట్లో చెప్పకుండా రాత్రి పార్టీకి వెళ్లిపోవడం ఏటి? అది తప్పే" అని పద్నాలుగేళ్ల వాడు గట్టిగా అన్నాడు. "వెళ్లనివ్వరని తెలిసి చెప్పకుండా వెళ్లింది. చెప్పుకునే వీలుంటే చెప్పేది" అని భతీజీ ఎదురుచెప్పింది. అరగంట సాగింది ఆ బహస్. నిజం చెప్తున్నాను, పర్దా గురించీ, భరోసా గురించీ, అబద్ధం గురించీ మన ఇళ్లలో తల్లీకూతుళ్లు మాట్లాడుకోలేని మాటలన్నీ కమలా పేరు మీద ఆ అరగంటలో వచ్చేశాయి. ఎవరి ఇజ్జత్ పోలేదు.

ఆ కామిక్‌లో మసీదు షేఖ్ ఒకాయన ఉన్నాడు. కమలా తన రహస్యం చెప్పలేక తంటాలు పడుతుంటే ఆయన ఆమె చేతులు కట్టేయడు. నువ్వు చేసేదేదో మానలేనంటే, దాన్ని ధైర్యంగా, నిజాయితీగా, రహమ్‌తో చెయ్యమంటాడు. దారి చూపే ఉస్తాద్ ఒకరుండాలని నచ్చజెప్తాడు. కాగితం మీది ఆ షేఖ్‌కి ఉన్న సబర్ మా వరండాలో ముగ్గురు పెద్దలకీ, నాకూ కలిపి లేకపోయింది.

మన వైపు నుంచి వచ్చినదాన్ని మనమే ఏం చేస్తామో కూడా చెప్పుకుందాం. కువైట్‌లో నాయిఫ్ అల్ ముతవ్వా అనే మానసిక వైద్యనిపుణుడు 2006లో "ది 99" అనే కామిక్ తెచ్చాడు. బాగ్దాద్ బైతుల్ హిక్మా ఇల్మ్ అంతా దాచుకున్న రత్నాలు, వాటివల్ల మంచి గుణాలు అందుకున్న పిల్లలు, ఇదీ కథ. 2014లో సౌదీ నుంచి దాని మీద ఫత్వా వచ్చింది. అల్లాహ్ పేర్లతో ఆట వద్దన్న ఎత్రాజ్‌ని నేను తేలిగ్గా తీసుకోను, అందులో అదబ్ ఉంది. కానీ అది తప్పయితే సరైనదేదో చేసి పిల్లల చేతిలో పెట్టాలి కదా! వద్దనడానికి మనకు నోరు లేస్తుంది, ఇవ్వడానికి చెయ్యి లేవదు.

మనం ఇచ్చిందేమిటో లెక్కేసుకుందాం. ఉర్దూ పిల్లలకి ఢిల్లీ నుంచి "ఖిలౌనా" వచ్చేది, ఒక తరం దాన్ని చదువుకుంటూ పెరిగింది, అది ఆగిపోయింది. తెలుగు ముసల్మాన్ పెద్దలకి సాహిత్యం ఉంది, అల్‌హందులిల్లాహ్. "జల్‌జలా" వచ్చింది, "వతన్" వచ్చింది, "దర్గామిట్ట కథలు" వచ్చాయి. మరి పదేళ్ల పిల్లకి? మన ఇళ్లలో పిల్లల పేరుతో ఉండే పుస్తకాలు తెరవండి. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నసీహతే. అబద్ధమాడకు, అల్లరి చెయ్యకు, ఎదురుచెప్పకు. కథ లేదు, నవ్వు లేదు, బొమ్మ లేదు. ఆ పుస్తకం పక్కన స్పైడర్‌మాన్ పెట్టి, పిల్ల దాన్నెందుకు తీసిందని కోప్పడతాం!

పీర్ల పండగలో డప్పు వాయించే హిందూ తాత మీద ఒక కామిక్ ఎవరు గీస్తారు? రంజాన్‌లో సెహ్రీకి వీధులన్నీ లేపే చాచా మీద? తొలిసారి రోజా ఉండి అసర్ వేళకి మామిడిచెట్టు కిందకి చేరిన పిల్లాడి మీద? గడ్డం ఉండి, కూతుర్ని భుజాన ఎక్కించుకుని, గ్రీజు చేతులతో హైవే మీద టైరు మార్చే అబ్బా మీద? బయటివాళ్లు మన బొమ్మ సరిగ్గా గీయలేదని ఏడ్చే హక్ మనకుంది. కానీ మన బొమ్మ మనం ఒక్కసారైనా గీశామా అని అడిగే హక్ మన పిల్లలకీ ఉంది.

అందుకే నా గుజారిష్ మూడు మాటల్లో. ఒకటి, ఈ వారం మీ పిల్ల చదివిన కామిక్ మీరూ చదవండి, చదివాకే ఎత్రాజ్ చెప్పండి. రెండు, పిల్ల చెప్పింది మీకు నచ్చకపోతే "చుప్" అనకండి, "ఎందుకలా అనిపించింది?" అనండి. మూడు, ఆ మహెఫిల్‌లో మన పిల్లల్నే కూర్చోబెట్టకండి, వీధిలో పిల్లలందర్నీ పిలవండి. మన పిల్ల బాధ వాళ్లూ, వాళ్ల పిల్లాడి బాధ మనమూ వినాలి. బొమ్మ గీసే చెయ్యున్న పిల్ల ఎవరైనా ఉంటే దాని చేతిలోంచి పెన్సిల్ లాక్కోకండి, అల్లాహ్ వాస్తే.

నిన్న జుమ్మా నాడు స్టూలు వేసుకుని అటకెక్కాను. మూట దించాను. ఎలకలు రెండు టింకిల్‌ల అంచులు కొరికేశాయి, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. బడేఅబ్బా చూశారు, ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆ రెక్కల గుర్రం హదీసు పిల్లలకి చెప్పు" అన్నారు. మా భాయీ మాత్రం మూట వైపు చూసి షాపుకి వెళ్లిపోయాడు. వాడి ఖౌఫ్ ఇంకా పోలేదు. నా ఒక్కదాని మాటతో పోదు కూడా.

రేపు ఇత్వార్. సమోసాలకి పిండి కలిపి పెట్టాను. భతీజీని రమ్మన్నాను. "వస్తాను ఫుప్పూ" అంది. "పుస్తకం తేనా?" అనడిగింది. తే అన్నాను. "చదివింది చెప్పనా, లేకపోతే వింటూ కూర్చోనా?" అంది.

ఆ రెండో సవాల్ మనం నేర్పిందే. నెల కిందట ఆ పిల్లకి అది తెలియదు.